ఇరవైమూడో వరుస

నేను ఒక జాబితాను. గడియారానికో, సైకిలుకో ఉన్న దర్జా జాబితాకు ఉండదని నాకు తెలుసు. అయినా నన్ను నేను తక్కువ చేసుకోను. డాక్టర్ చింతాడ సుభాషిణి నలభై ఏళ్ళకు పైగా క్యాన్సర్ మీద చేసిన పరిశోధనంతా నా ఏడు పేజీల్లో ఉంది. ఆమె రాసిన వ్యాసాలు అరవై ఒకటి. ఏది ఏ సంవత్సరంలో, ఏ పత్రికలో అచ్చయిందో, ఆమె పేరు పక్కన ఎవరెవరి పేర్లు ఉన్నాయో అడగండి. తడుముకోకుండా చెబుతాను.

1968లో విశాఖపట్నంలోని ఒక వైద్య కళాశాల ఆఫీసు గదిలో పుట్టాను. నన్ను టైపు కొట్టింది శేషాచార్యులు. ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఏ కాయితాన్ని మిషనుకు ఎక్కించినా ముందు పై మూల పెన్సిలుతో 'శ్రీ' అని రాసేవాడు. ఇంగ్లీషు కాయితమైతే పని పూర్తయ్యాక రబ్బరుతో తుడిచేసేవాడు. తుడిచినా నొక్కు పోదు. నా మొదటి పేజీని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే ఇప్పటికీ కనిపిస్తుంది. ఇంగ్లీషులో పుట్టినా శ్రీకారంతోనే పుట్టానని నాకు కొంచెం గర్వం.

అప్పుడు నాలో మూడే వరుసలు. సుభాషిణికి ముప్ఫై రెండేళ్ళు. కణజాలాన్ని సూక్ష్మదర్శినిలో చూసి రోగం తేల్చే విభాగంలో చిన్న ఉద్యోగం.

"మిగతా పేజీ ఖాళీగా వదిలేశానమ్మా. నింపుకోవడం మీ వంతు" అన్నాడు శేషాచార్యులు.

ఆమె నింపింది. ఒక్కో వ్యాసం అచ్చయినప్పుడల్లా నన్ను మళ్ళీ మిషనుకు ఎక్కించేవారు. సిరా రంగు ఒకచోట ముదురు, ఒకచోట లేత. నా వయసు ఆ రంగుల్లో తెలిసిపోతుంది.

మనుషులు నాతో ఎలా ఉంటారో ఇక్కడే చెప్పేస్తాను. నన్ను చదివినవారు తక్కువ, లెక్కపెట్టినవారు ఎక్కువ. ఇంటర్వ్యూలలో పెద్దలు నన్ను చేతిలోకి తీసుకుని, కూరగాయల బజారులో సొరకాయను చూసినట్టు బరువు చూసేవారు. చివరి పేజీ తిప్పి ఆఖరి నంబరు చూసి, తలాడించి పక్కన పెట్టేవారు. వ్యాసంలో ఎవరి పేరు ముందుండాలన్నది ఇంకో గొడవ. విభాగాధిపతి ప్రొఫెసర్ సోమయాజులు గారి పేరు నా మొదటి ఇరవై రెండు వరుసల్లోనూ ఉంది. వాటిలో కొన్నింటిని ఆయన అచ్చయ్యాకే చదివారు. చెడ్డవారు కారు. ఆ రోజుల్లో పద్ధతి అది.

ఇక పధ్నాలుగో వరుస సంగతి. నాకు పేరు తెచ్చింది అదే.

విశాఖకు ఉత్తరాన సముద్రం ఒడ్డు పల్లెల్లో ఆడవాళ్ళు చుట్టను అడ్డంగా కాలుస్తారు. అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, పెదవులు బిగించి పొగ పీలుస్తారు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు, వలలు బాగుచేస్తుంటే బూడిద రాలదు. దాన్ని అడ్డపొగ అంటారు. ఆ నిప్పు వేడికి నోటి పైభాగం, అంటే అంగిలి, ముందు తెల్లబడుతుంది. తరువాత పుండవుతుంది. కొందరికి అది క్యాన్సర్ అవుతుంది.

సుభాషిణి వేసుకున్న ప్రశ్న చిన్నది. చుట్ట మానేస్తే ఆ మచ్చ పోతుందా? దానికి జవాబు కోసం ఎనిమిదేళ్ళు పల్లెలు తిరిగింది. గవ్వలపేట మొదలుకొని పదకొండు ఊళ్ళు. జీపులో ఆమె, ఒక టార్చిలైటు, ఒక సంచి నిండా అట్టకార్డులు, హెల్త్ విజిటర్ ఎస్తేరమ్మ. ఎస్తేరమ్మ ఇరవై నాలుగేళ్ళ వయసులోనే ఈ పనిలో చేరింది. ఏ ఇంట్లో ఎవరికి దగ్గో, ఎవరికి నెల తప్పిందో ఆమెకు నోటికి వచ్చు. నేను ఎక్కువగా ఆ కార్డుల సంచిలోనే ఉండేదాన్ని. దారిలో నన్ను తీసి పెన్సిలుతో దిద్దుకోవడం సుభాషిణికి ఇష్టం.

అంగిలి మీద మచ్చ ఉండి, చుట్ట మానేసినవారు తొంభై ఆరుగురు తేలారు. వారిలో డెబ్భై ఒక్కమందికి మచ్చ మానిపోయింది. 1976లో ఆ వ్యాసం అచ్చయింది. అదే నా పధ్నాలుగో వరుస. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో ఉత్తరాలు రాశారు. వాళ్ళ వ్యాసాల అడుగున ఆమె పేరు కనిపించసాగింది. అప్పటిదాకా అంగట్లో చిల్లర సరుకులా ఉన్న నేను ఒక్కసారిగా నిటారుగా నిలబడ్డాను. జాబితాకు వెన్నెముక ఉంటుందా అంటే, ఉంటుంది. నాకది పధ్నాలుగో వరుస.

1979లో రాష్ట్రంలో కొత్తగా ఒక క్యాన్సర్ పరిశోధన కేంద్రం పెడతామన్నారు. దానికి డైరెక్టరు కావాలి. సుభాషిణికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. నాలుగు నెలల వ్యవధి ఉంది. ఆ పదవి తనదేనని ఆమె పైకి అనలేదు గాని, కేంద్రం ఎలా ఉండాలో నా మూడో పేజీ అంచున పెన్సిలుతో బొమ్మ గీసుకుంది. పల్లెలకు వెళ్ళే జీపులు మూడు, ఆడవాళ్ళు కూర్చోవడానికి నీడ, తాగడానికి నీళ్ళు. ఆమె గీసుకున్నవి అవీ.

మానిన మచ్చలు మళ్ళీ వస్తున్నాయేమో చూడాలని ఆ నెలలోనే గవ్వలపేట వెళ్ళింది. ఎస్తేరమ్మ పేరు పిలిచింది.

"వాసుపల్లి నూకాలమ్మా!"

నలభై ఏళ్ళ మనిషి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కూర్చుని నోరు తెరిచింది. సుభాషిణి టార్చి వేసి చూసింది. అంగిలి శుభ్రంగా ఉంది. సంతోషంగా కార్డు తీసి, ఎందుకో ఆ రోజు మొదటి పుటకు తిప్పింది. పదకొండేళ్ళ కిందటి తన చేతిరాతే. చదివి మళ్ళీ నోట్లోకి చూసింది.

"పళ్ళు ఎప్పుడు కట్టించుకున్నావు?"

"కట్టించుకోడవేటమ్మా! నా పళ్ళే. కొబ్బరికాయకి పీసు లాగీగలను, సూస్తావా?"

"ఈ కార్డులో పైన ముందు పళ్ళు రెండు లేవని ఉంది."

"ఒలమ్మ! అది నాను కాదు. మా తోడికోడలు. మా ఇంట్లో ఇద్దరవూ నూకాలమ్మలవే. దాన్ని పెద నూకాలంటారు, నన్ను సిన నూకాలంటారు. పళ్ళూడిపోనాది దానికే."

"ఆవిడేదీ?"

"ఇంకెక్కడిదమ్మా. ఎల్లిపోనాది. మూడేళ్ళయినాది. నోట్లో పుండుతోనే."

సుభాషిణి టార్చి ఆర్పలేదు. దాని వెలుగు ఆ మనిషి ఒడిలో పడుతూనే ఉంది.

"ఐదేళ్ళ కిందట పేరు పిలిస్తే వచ్చి నోరు చూపించింది ఎవరు?"

"నానే. పెద నూకాలు ఎండుసేపల బేరానికి ఎల్లినాది. పిలిసింది నా పేరే గదా అని వచ్చినాను. నువ్వే సూసినావు. బాగుంది, బాగుంది అని నా సెయ్యట్టుకుని నవ్వినావు. ఎందుకు నవ్వుతున్నావో తెలీదు గానీ నానూ నవ్వినాను."

ఐదేళ్ళ కిందటి ఆ రోజునే 'మానింది' అని రాసి పెద నూకాలు కార్డు మూసేశారు. ఆ తరువాత పెద నూకాలును ఎవరూ పిలవలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో వెతకడానికి ఎంతో దూరం పోనక్కర్లేకపోయింది. ఆ ఊళ్ళలో ఇంటిపేర్లు నాలుగైదే. ఆడపిల్లలకు గ్రామదేవత పేరే పెడతారు. ఒకే ఇంటిపేరుతో ముగ్గురు నూకాలమ్మలు, ఇద్దరు పైడితల్లులు ఉండడం వింత కాదు. అందుకే కార్డులో 'భర్త పేరు' అని ఒక గడి ఉంది. కాని ఆ ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. ఎస్తేరమ్మ అడిగితే పొడుపుకథలు వేసేవారు.

"నీ పెనిమిటి పేరేంటి?"

"సింహాచలం కొండ మీదున్నాయన పేరే."

"అప్పన్నా?"

"నువ్వన్నావు, నానన్నేదు!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. వెనక వరుసలో అందరూ నవ్వేవారు.

వరుస పొడుగ్గా ఉండేది, పొద్దు పోయేది. మొదటి ఏడాదే ఎస్తేరమ్మ ఆ ఖాళీ గడులు చూపించి ఏం చేయమంటారని అడిగింది. "ఇంటిపేరుంది, పేరుంది, ఊరుంది. చాల్లే ఎస్తేరమ్మా, గీత పెట్టెయ్యి" అన్నది సుభాషిణే. ఆ మాట సంచిలోంచి నేను విన్నాను.

తొంభై ఆరు కార్డులూ తీశారు. మూడు నెలలు ప్రతి ఇంటికీ మళ్ళీ వెళ్ళారు. పెద నూకాలుతో కలిపి అలాంటివారు తొమ్మిదిమంది తేలారు. తొమ్మిదిమందికీ బదులుగా అదే పేరున్న మరొకరు నోరు చూపించారు. ఆ తొమ్మిదిమందిలో నలుగురు అప్పటికే చనిపోయారు.

ఈసారి భర్త పేర్లు వదల్లేదు. పేర్లు రాసుకోవడానికి వేరే కాయితం అందక, సుభాషిణి నా మూడో పేజీని వెనక్కి తిప్పింది. ఆ వెనుక తొమ్మిది పేర్లు రాసింది, తెలుగులో, పెన్సిలుతో. ఒక్కో పేరు పక్కన భర్త పేరు. పెద నూకాలు భర్త పడవ నీడన కూర్చుని ఉన్నాడు. సుభాషిణి అతని పేరు అడిగింది.

"అది బతికున్నన్నాళ్ళూ దాని నోట నా పేరు ఒక్కపాలీ రానేదమ్మా" అన్నాడు. "ఇప్పుడు మీ కాయితంలో దాని పక్కన రాస్తారా?"

"రాస్తాను."

"ఎర్రయ్య. రాయండి."

ఆమె రాసింది. 'ఎర్రయ్య' అన్న మాట దగ్గర పెన్సిలు ముల్లు కాయితాన్ని కొంచెం చీల్చింది. ఆ చీలిక ఇంకా ఉంది.

తప్పు ఒప్పుకుంటూ అదే పత్రికకు సవరణ పంపుతానని సుభాషిణి చెబితే, సోమయాజులు గారు అంతా ఓపికగానే విన్నారు.

"డెబ్భై ఒకటి కాస్తా అరవై రెండు అయింది. అప్పటికీ నూటికి అరవై నాలుగు పైమాటే. చుట్ట మానితే మేలు అన్నది అలాగే నిలిచింది. ఫలితం మారలేదు కదమ్మా? ఇంటర్వ్యూ కానీ, తరువాత చూద్దాం."

"ఫలితం మారలేదండీ. మనుషులు మారిపోయారు. పెద నూకాలు మానిందని మనం లోకానికంతా చెప్పాం."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే ఆ సవరణలో నా పేరు వద్దు" అన్నారు. పధ్నాలుగో వరుసలో మొదట ఉన్న పేరు, ఈ సవరణ చేరిన ఇరవైమూడో వరుసలో లేకపోవడానికి కారణం అదే.

సవరణ రాసింది సుభాషిణి ఒక్కతే. పేజీన్నర. చనిపోయిన నలుగురిలో ముగ్గురిని వేళకు పిలిచి ఉంటే శస్త్రచికిత్సతో బతికేవారు కావచ్చు అని అందులో ఉంది. 'కావచ్చు' అన్న మాటను రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాసింది. అంతకన్నా పెద్ద మాటకు ఆధారం లేదు. చిన్న మాటకు మనసు ఒప్పలేదు. పొరపాటుకు బాధ్యత ఎవరిదన్న చోట తన పేరు తప్ప ఇంకో పేరు రాయలేదు. పత్రికవాళ్ళు నెల తిరక్కుండా అచ్చువేశారు.

శేషాచార్యులు ఆ వరుస టైపు కొట్టడానికి వెనకాడాడు.

"అమ్మా, పెళ్ళిచూపులకు వెళ్తూ ఎవరైనా కాలి పుండు చూపించుకుంటారా? ఇది వేరే కాయితం మీద కొట్టి ఇస్తాను. కావాలంటే అడిగినప్పుడు ఇవ్వండి."

"పధ్నాలుగు ఏ కాయితం మీద ఉందో ఇదీ అందులోనే ఉండాలి, ఆచార్లు గారూ."

ఆయన మూలన 'శ్రీ' రాశాడు. ఇరవైమూడు అని కొట్టాడు. ఆ ఒక్కసారి 'శ్రీ' తుడవడం మరిచిపోయాడో, మానేశాడో నాకు తెలియదు. నా మూడో పేజీ మూలన అది ఇప్పటికీ ఉంది.

ఇంటర్వ్యూ హైదరాబాదులో జరిగింది. బల్ల మీద నా పక్కనే ఇంకో జాబితా ఉంది. నాకంటే పన్నెండు వరుసలు పొడుగు. మంచి కాయితం, నున్నగా ఉంది. కమిటీ పెద్దాయన నన్ను అలవాటు ప్రకారం చివరి పేజీకి తిప్పి ఆగిపోయాడు.

"ఇది వ్యాసం కాదు, సవరణ. దీనికి నంబరెందుకు వేశారు?"

"పధ్నాలుగుకు వేశాను కాబట్టి" అన్నది సుభాషిణి.

ఆయన ఆమె వైపు కాసేపు చూశాడు. ఆ చూపులో మెచ్చుకోలు ఉంది. కాని మెచ్చుకోవడం వేరు, పదవి ఇవ్వడం వేరు. ఆ పదవి పొడుగు జాబితాకు వెళ్ళింది. తిరుగు రైలులో సుభాషిణి నన్ను తీసి, అంచున గీసుకున్న జీపుల బొమ్మను రబ్బరుతో తుడిచేసింది. ఏడవలేదు. తుడిచిన పొడి ఊదేసి, వచ్చే వారం ఏ ఊరు వెళ్ళాలో రాసుకుంది.

ఆ వారం జీపులో ఎస్తేరమ్మే నోరు విప్పింది. అప్పటికి నెలల తరబడి ఆమె సరిగా మాట్లాడటం లేదు.

"అమ్మగారూ, నేను మొహాలు మర్చిపోతాను గానీ నోళ్ళు మర్చిపోను. అంగిట్లో ముందు పళ్ళ వెనకాల గీతలుంటాయి కదండీ, అవి ఏ ఇద్దరికీ ఒకలా ఉండవు. పేరు కంటే అది నయం. బొమ్మ గీసి పెట్టుకుంటే?"

"గీయడం వచ్చా నీకు?"

"సండే స్కూల్లో పిల్లలకి ఓడలూ, గొర్రెపిల్లలూ గీసిందాన్ని. నాలుగు గీతలు గీయలేనా?"

ఆ రోజు నుంచి ప్రతి కార్డు మీదా అంగిలి గీతల బొమ్మ ఉండేది. ఎవరైనా వచ్చి నోరు తెరిస్తే ముందు బొమ్మతో పోల్చి, ఆ తరువాతే మచ్చ చూసేవారు. మొగుడి పేరుతో పని లేకుండా పోయింది. ఆ పద్ధతి మీద రాసిన వ్యాసం నా ఇరవైయారో వరుస. అందులో సుభాషిణి పేరు రెండోది. మొదటిది ఎస్తేరమ్మది. పదో తరగతి చదివిన మనిషి పేరు ముందేమిటని విభాగంలో గుసగుసలు పోయాయి. "గీసింది ఎవరో వారి పేరే ముందు" అని సుభాషిణి ఊరుకుంది.

ఆ తరువాత ముప్ఫై అయిదు వరుసలు చేరాయి. కంప్యూటర్లు వచ్చాక ఎవరి వ్యాసాన్ని ఎందరు ప్రస్తావించారో యంత్రాలే లెక్కపెట్టడం మొదలుపెట్టాయి. పధ్నాలుగును మూడువందల నలభై మంది ప్రస్తావించారట. ఇరవైమూడును పదకొండు మంది. మంచి వార్తకు కాళ్ళెక్కువ. ఎవరైనా కొత్తగా 'డెబ్భై ఒకటి' అని రాస్తే సుభాషిణి వారికి ఉత్తరం రాసేది: "మీ వ్యాసం చదివాను, బాగుంది. ఒక్క అంకె మాత్రం అరవై రెండు అని ఉండాలి." ఉద్యోగం అయిపోయాక కూడా రాసింది. కొందరు దిద్దుకున్నారు. కొందరు జవాబివ్వలేదు. నేను ఆమె బల్ల సొరుగులో ఉండేదాన్ని. అంకె సరిచూసుకోవడానికి ఆ చెయ్యి వారానికొకసారైనా నన్ను తీసేది. ఆమెకు అంకె తెలుసు. అయినా తీసి చూసేది. చూశాక వెనక్కి తిప్పేది.

2019 శ్రావణంలో ఆ చెయ్యి రావడం ఆగిపోయింది. సొరుగు చాలా రోజులు తెరుచుకోలేదు. దాని గురించి ఇంతకంటే చెప్పలేను.

సొరుగు తెరిచింది డాక్టర్ మెహరున్నీసా. సుభాషిణి దగ్గర చదువుకుని, ఇప్పుడు అదే విభాగాన్ని నడుపుతున్న మనిషి. నన్ను కళాశాలకు తీసుకుపోయి, ముందు ప్రతి పేజీనీ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఆ యంత్రం నా ముందు వైపు మాత్రమే చూసింది. ఇప్పుడు నా అరవై ఒక్క వరుసలూ ప్రపంచంలో ఎక్కడివారైనా చదవవచ్చు. తరువాత నన్ను విభాగం మ్యూజియంలో, గాజు సీసాల నడుమ, ఒక అద్దాల పెట్టెలో పెట్టింది. మొదటి పేజీ పైకి కనిపించేలా.

పెట్టె తెరిచే రోజున ఎస్తేరమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. ఎనభైకి దగ్గర పడింది. అద్దం మీదికి వంగి నన్ను చూసింది.

"నా పేరున్న కాయితం ఏదమ్మా?"

"మూడో పేజీ అమ్మమ్మగారూ. ఇరవైయారు. తీసి పైన పెట్టమంటారా?" అన్నది మెహరున్నీసా.

ఎస్తేరమ్మ అద్దం మీంచి తల ఎత్తింది.

"ఆ కాయితవే తియ్యండి. కానీ నా పేరు వైపు కాదు. వెనక్కి తిప్పండి."

మెహరున్నీసా తిప్పింది. ఆమె ఆ వెనుక వైపు చూడడం అదే మొదటిసారి. తొమ్మిది పేర్లు, పక్కన తొమ్మిది పేర్లు, పెన్సిలుతో. చీలిన చోట వేలు పెట్టి ఆగిపోయింది.

"వీళ్ళెవరు?"

ఎస్తేరమ్మ చెప్పింది. పెద నూకాలు దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కరి పేరూ, ఊరూ, ఎవరి పళ్ళు ఎలా ఉండేవో కూడా చెప్పింది.

ఇప్పుడు నా మూడో పేజీ బోర్లా పడుకుని ఉంది. ఇరవైమూడో వరుస పెట్టె అడుగున ఉన్న పచ్చ గుడ్డను చూస్తోంది. వైద్య విద్యార్థులు వస్తారు. గొప్ప పరిశోధకురాలి ప్రచురణల జాబితా అని పైన రాసి ఉంటే, ఆఖరి నంబరు కోసం వెతుకుతారు. నంబరు దొరకదు. అప్పుడు తలలు వంచి, పెన్సిలు రాత కదా అని కళ్ళు చికిలించి, చివరికి ఒకళ్ళు పైకి చదువుతారు.

"వాసుపల్లి నూకాలమ్మ. ఎర్రయ్య."

నన్ను చదివినవారు తక్కువ అన్నాను కదా. ఇప్పుడు చదువుతున్నారు.